ఫ్రాన్స్‌ల లెఫ్ట్, అమెరికాల లెఫ్ట్ ఒక్కటేనా? తొమ్మిదో తరగతి పిల్లలకు ఎట్ల చెప్పాలె?

నైంనగర్_సోషల్_సార్:

అందరికి నమస్తే. నేను హన్మకొండల ఒక ప్రైవేట్ స్కూల్‌ల సోషల్ చెప్త. మొన్న తొమ్మిదో తరగతికి ఫ్రెంచ్ విప్లవం చెప్పుకుంట బోర్డు మీద చాక్‌పీస్‌తోని సగం గుండ్రం గీసి, నడిమిట్ల అధ్యక్షుని కుర్చి పెట్టి, 1789ల రాజుకు వీటో, అంటె చట్టాన్ని ఆపే అధికారం, ఉండాలె అన్నోళ్లు కుర్చికి కుడి దిక్కు కూసున్నరు, వద్దన్నోళ్లు ఎడమ దిక్కు కూసున్నరు, గా కూసున్న తీరు నుంచే ఇయ్యాల పేపర్ల చదివే లెఫ్ట్ రైట్ పుట్టినయ్ అని చెప్పిన. పిల్లలకు మంచిగనే ఎక్కింది. అప్పుడు మూడో బెంచీల ఒక పిలగాడు లేచి, సార్ ట్రంప్ గెలిచినప్పుడు టీవీల మ్యాప్ అంత ఎర్రగ చూపెట్టిన్లు గద, ఎర్రజెండ అంటె లెఫ్ట్ అని మీరే చెప్పిన్లు, మరి ట్రంప్ లెఫ్టా అని అడిగిండు. వాడు నిజంగ తెల్సుకుందామనే అడిగిండు. రిపబ్లికన్లు రైట్ అని నాకు తెలుసు, కాని వాళ్లకు ఎరుపు ఎట్లొచ్చిందో చెప్పలేకపోయిన, రేపు చెప్త బిడ్డా అని కూసోబెట్టిన.

ఇంటికొచ్చినంక ఆదివారం వీడియో కాల్‌ల ఇదే ముచ్చట తీసిన. మా బావ డాలస్‌ల 18 ఏండ్ల సంది ఉంటాండు, మా చిన్నమ్మ బిడ్డ ఫ్రాన్స్‌ల మాస్టర్స్ చేస్తాంది. బావ అన్నది ఏందంటె ఫ్రాన్స్ ప్రెసిడెంట్ మాక్రాన్ పక్కా లెఫ్ట్, అసలు యూరప్ మొత్తం లెఫ్టే, సర్కార్ దవాఖాన, సర్కార్ పెన్షన్, అన్నీ సర్కారే అని. చెల్లె అన్నది ఈడ మా కాలేజీల మాక్రాన్‌ను లెఫ్ట్ అంటె ఎవ్వరు ఒప్పుకోరు, బైడెన్‌ను తీస్కొచ్చి ఈడ నిలబెడ్తె ఆయన సుత మాక్రాన్ పక్కకే కూసుంటడు అని. ఇద్దరు గట్టిగ మాట్లాడుకున్లు, ఆఖరికి మా అక్క ఫోన్ గుంజుకొని పిల్లల చదువుల ముచ్చట పెట్టింది, కాని నా డౌట్ మాత్రం అట్లనే ఉన్నది.

మనకైతె ఎడమ అంటె ఏందో ఇంట్లనే తెలుస్తది, మా తాతది జనగామ దిక్కు, సంఘం రోజులల్ల ఎర్రజెండ అంటె దొర కాడ భూమి, వెట్టిచాకిరి, దీని లొల్లే అని చెప్పేటోడు. గా లెక్కతోని చూస్తె అమెరికాల డెమోక్రాట్లను ఎడమ అనుడు నాకు సమజ్ కాదు. మరి ఒక దేశంల లెఫ్ట్ ఇంకో దేశంల రైట్ ఎట్లయితది? ఆడ ఉండి చూసినోళ్లు, చదువుకున్నోళ్లు ఎవరన్న ఉంటె చెప్పున్రి. క్లాసుల చెప్పాలె కాబట్టి నిజమున్నదే కావాలె.

జమ్మికుంట_టు_లియాన్:

సార్ నమస్తే. నాది జమ్మికుంట, 2021ల లియాన్ వచ్చిన, చదువు అయిపోయి ఈడనే కొలువు చేస్తాన్న, అంటె 2022 ప్రెసిడెంట్ ఎలక్షన్లు, 2024 పార్లమెంట్ ఎలక్షన్లు రెండు కండ్లతోని చూసిన. ఓటు లేదు నాకు. కాని మా ఇంటి ఓనరమ్మ 2022 ఏప్రిల్‌ల ఆదివారం పొద్దుగాల ఓటుకు పోతాంటె నన్ను సుత తోల్కపోయింది. స్కూల్ గోడ ముందట ఇనుప బోర్డులు వరుసగ పెట్టిన్లు, 12 మంది నిలబడ్డరు, 12 బోర్డులు, అందరికి ఒక్కటే సైజు, పైసలున్న పార్టీకి పెద్ద ఫ్లెక్సీ లేనోనికి చిన్నది అనేది లేదు. లోపల బల్ల మీద ఒక్కొక్కరి పేరుతోని కాయితాల కట్టలు ఉంటయ్, ఓటరు ఒక కవరు తీస్కొని, ఎవ్వరికి ఏస్తున్నడో తెల్వకుంట రెండు మూడు పేర్ల కాయితాలు తీస్కొని, పరద ఎనుక ఒక్కటి కవర్ల పెట్టి, అద్దం లెక్క లోపల కనిపించే డబ్బాల ఏస్తరు, ఏసినంక ఆడ కూసున్నాయన ఓటేసిన్లు అని గట్టిగ అంటడు. మిషిన్ బటన్ చూసిన నాకు గా కాయితాల కట్టలే ఎక్కువ యాదికున్నయ్, ఎందుకంటె లెఫ్ట్ రైట్ అనేది ఆ బల్ల మీదనే కనపడ్డది సార్. ఒక్క లెఫ్ట్ దిక్కే చూస్తె కమ్యూనిస్టు పార్టీ కట్ట వేరే, రష్యా విప్లవం నాటి ట్రాట్‌స్కీ పేరు చెప్పేటోళ్లవి రెండు కట్టలు, సోషలిస్టులది వేరే, గ్రీన్స్‌ది వేరే, మెలాంషాన్‌ది వేరే. అటు దిక్కు చూస్తె పాత రైట్ పార్టీ వేరే, మరీన్ ల పెన్ వేరే, జెమూర్ అని ఇంకొకాయన వేరే. మాక్రాన్ నడిమిట్ల.

ఈడ మొదటి రౌండ్‌ల ఎవ్వరికి సగం దాటకుంటె మొదటి ఇద్దర్ని పెట్టి రెండు వారాలకు మళ్ల ఓటేపిస్తరు. అందుకే మొదటిసారి మనసుకు నచ్చినోనికి ఏస్తరు, రెండోసారి వద్దనుకున్నోన్ని ఆపెటందుకు ఏస్తరు. ఇట్లుంటె చిన్న పార్టీలు సుత బతుకుతయ్, లెఫ్ట్‌ల లెఫ్ట్, రైట్‌ల రైట్ అని అన్నింటికి జాగ దొరుకుతది. కాని ఓట్లు చీలితె ఎట్లయితదో 2002ల చూసిన్లు, 16 మంది నిలబడ్డరు, సోషలిస్టు ప్రధాని జోస్పాన్ 16.18 శాతం తోని మూడో జాగకు పోయిండు, ల పెన్ వాళ్ల నాయన 16.86 తోని రెండో రౌండ్‌కు వచ్చిండు. అప్పుడు లెఫ్ట్ వాళ్లంత ముక్కు మూసుకొని రైట్ ఆయన షిరాక్‌కు ఓటేసిన్లు, ఆయనకు 82 శాతం వచ్చింది. మా ఓనరమ్మ గిది చెప్పుకుంట ఇప్పటికి సుత మెత్తగయితది, జిందగీల రైట్‌కు ఏసింది గదొక్కసారే అంట.

ఇగ మాక్రాన్ ముచ్చట. ఆయన సోషలిస్టు ప్రెసిడెంట్ హొలాండ్ కింద 2014 నుంచి 2016 దాక ఎకానమీ మంత్రి, అందుకే దూరం నుంచి చూసేటోళ్లకు లెఫ్ట్ లెక్క అనిపిస్తడు. 2016ల సొంత పార్టీ పెట్టి లెఫ్ట్ కాదు రైట్ కాదు అని 2017ల గెలిచిండు. గెలిచినంక ఏం చేసిండంటె ఉన్నోళ్ల ఆస్తి మీద పన్నును తీసేసి భూములు ఇండ్ల మీదికే దాన్ని కుదించిండు, 2023ల పెన్షన్ వయసు 62 నుంచి 64కు పెంచే చట్టం తెచ్చిండు, అసెంబ్లీల ఓటింగ్ లేకుంటనే రాజ్యాంగంల 49.3 అనే ఆర్టికల్ పట్టుకొని పాస్ చేపిచ్చిన్లు. నెలల తరబడి సమ్మెలు, చెత్త తీసేటోళ్లు బంద్ పెడితె పారిస్‌ల చెత్త కుప్పలు కుప్పలు పేరుకపోయింది. ఇన్ని చేసినంక లెఫ్ట్ అని ఈడ ఎవ్వలంటరు సార్.

ఇంకొక్కటి, మాట మోసం చేస్తది. అమెరికాల లిబరల్ అంటె ఎడమ దిక్కోడు. ఈడ లిబరల్ అంటె మార్కెట్‌కు వదిలెయ్యాలె, సర్కార్ పక్కకు జరగాలె అనేటోడు, లెఫ్ట్ వాళ్లు తిట్టెటప్పుడు వాడే మాట అది. మన పేపర్లు రెండింటికి ఉదారవాది అనే రాస్తయ్, గందుకే చదివినోళ్లకు తిరకాసయితది.

నర్సంపేట_అన్న_డాలస్:

చెల్లె మంచిగ చెప్పింది. నేను టెక్సస్‌ల 2009 నుంచి ఉన్న, సిటిజన్‌షిప్ వచ్చినంక రెండు సార్లు ప్రెసిడెంట్ ఎలక్షన్ల ఓటేసిన. ముందు పిలగాని ఎరుపు సంగతి చెప్త, దానికి పెద్ద సిద్ధాంతమేమి లేదు. ముందుగాల టీవీ చానెళ్లు ఒక్కోటి ఒక్కో తీరు రంగు ఏసేటియి, ఒక ఎలక్షన్ల డెమోక్రాట్లకు ఎరుపు ఏసిన చానెల్ సుత ఉన్నది. 2000ల బుష్, గోర్ ఎలక్షన్ ఫ్లోరిడా కాడ ఇరికి 36 రోజులు తెగలే, అన్ని రోజులు ప్రతి ఇంట్ల టీవీల అదే మ్యాప్, ఎరుపు రిపబ్లికన్, నీలం డెమోక్రాట్. జనానికి గదే ఖాయమయింది. అంటె మీ స్టూడెంట్ పుట్టక కొన్నేండ్ల ముందు పుట్టిన అలవాటు. ఫ్రాన్స్‌ల మనకు లెక్కనే ఎరుపు లెఫ్ట్‌ది, నీలం రైట్‌ది.

ఇగ ఈడ ఓటు ఎట్లుంటదో చెప్త. మంగళారం పెడ్తరు, సెలవుండదు, అందుకే ముందు రోజులల్లనే పోయి ఏసొస్తం. టెక్సస్‌ల బ్యాలెట్ చూస్తె మీకు నమ్మబుద్ది కాదు, ప్రెసిడెంట్ నుంచి మొదలైతె షెరీఫ్ దాక, జడ్జిలను సుత ఎన్నుకోవాలె, జడ్జి పేరు పక్కన సుత రిపబ్లికన్ అనో డెమోక్రాట్ అనో ఉంటది. మొదటిసారి గంట సేపు నిలబడి చదివిన, 30, 40 పేర్లు, అందుల ఒక్కల మొఖం సుత నాకు తెల్వది, పక్కన రాసి ఉన్న పార్టీ ఒక్కటే ఆసరా. ఫ్రాన్స్‌ల 12 కట్టలు ఉంటె ఈడ దాదాపు ప్రతి పేరుకు రెండే తోకలు. అందుకే లెఫ్ట్ రైట్ కొట్లాట పార్టీల నడుమ ఎంతున్నదో పార్టీ లోపల సుత అంతే ఉంటది, గది ప్రైమరీలల్ల, అంటె పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎలక్షన్లల్ల, తేలుతది. సాండర్స్ లాంటాయన, నేను డెమోక్రటిక్ సోషలిస్టును అని బాహాటంగ చెప్పేటాయన, ఫ్రాన్స్‌ల అయితె సొంత పార్టీతోని నిలబడునేమో, ఈడ 2016ల, 2020ల డెమోక్రాట్ల ప్రైమరీల పోటీ చెయ్యాల్సొచ్చింది, సెనేట్‌ల మాత్రం ఇండిపెండెంట్‌గనే ఉన్నడు. అదే డెమోక్రాట్ల దిక్కు వెస్ట్ వర్జీనియా సెనేటర్ మాంచిన్ ఉండె, బొగ్గు రాష్ట్రం ఆయన, బైడెన్ పెట్టిన పెద్ద ఖర్చు బిల్లును 2021 డిసెంబర్‌ల నేను ఒప్పుకోను అని ఆపిండు. ఈ ఇద్దర్ని ఒక్క పేరుతోని లెఫ్ట్ అని పిలుస్తరు ఈడ.

మీ బావ చెప్పింది పూర్తిగ తప్పు కాదు, ఈడి నుంచి చూస్తె అట్లనే కనపడ్తది. 2010ల ఒబామా హెల్త్ చట్టం తెచ్చిండు గద, అందుల సర్కార్ దవాఖాన లేదు, ప్రైవేట్ ఇన్సూరెన్స్ కొనుక్కోవాలె, పైసలు లేనోనికి సర్కార్ కొంత కడ్తది, పిల్లలు 26 ఏండ్ల దాక తల్లిదండ్రుల ఇన్సూరెన్స్‌ల ఉండొచ్చు, గంతే. దానికే సోషలిజం అని లొల్లి, ఒక్క రిపబ్లికన్ సుత ఓటెయ్యలే. మా ఇంటి మాట చెప్త, 2019ల రాత్రి పూట మా చిన్నోనికి ఫిట్స్ వస్తె అంబులెన్స్ పిలిచినం, దవాఖాన నాలుగు మైళ్లు. పిలగాడు మంచిగయిండు, దేవుని దయ. నెలకు కవర్ వచ్చింది, ఇన్సూరెన్స్ పోను నా జేబుల నుంచి వెయ్యి డాలర్లకు పైన. ఎమర్జెన్సీల పిలిచిన బండి మా నెట్‌వర్క్‌ల లేదంట. అప్పటి సంది నేను ఓటేసెటప్పుడు లెఫ్టా రైటా అని సోచాయించుడు మానేసిన, దవాఖాన గురించి ఏం చెప్తాండో గదొక్కటి చదువుత.

కాని చెల్లె, బైడెన్ ఆడ మాక్రాన్ పక్కకు కూసుంటడు అనేది నేను పూర్తిగ ఒప్పుకోను. సమ్మె చేస్తున్న కార్ల కంపెనీ కార్మికుల నడుమ పోయి నిలబడ్డ ప్రెసిడెంట్ ఆయన, 2023 సెప్టెంబర్‌ల మిషిగన్‌ల. పోలిక పెట్టెటప్పుడు గది సుత చూడాలె.

జమ్మికుంట_టు_లియాన్:

అన్నా గది అన్నది నేను కాదు, సార్ వాళ్ల చెల్లె 🙏 కాని మీ మాట కరెక్టే. పిలగాడు మంచిగున్నడు కదా ఇప్పుడు? ఈడ నాకు పోయిన చలికాలం జ్వరమొస్తె డాక్టర్‌కు 30 యూరోలు ఇచ్చి, సర్కార్ ఆరోగ్య బీమా పచ్చ కార్డు గీకినం, వారం తిరగకముందే అండ్ల చాలా మట్టుకు బ్యాంకుల పడ్డయ్. బయటి దేశం పిల్లనైనా సుత. ఈ కార్డును తీసేస్తం అనే పార్టీ ఈడ ఒక్కటి లేదు, ల పెన్ సుత అనదు. గర్భస్రావం సుత గంతే, ఈడ 1975ల చట్టం తెచ్చిన సిమోన్ వెయ్ లెఫ్ట్ మంత్రి కాదు, రైట్ దిక్కు ప్రెసిడెంట్ జిస్కార్ సర్కార్‌ల మంత్రి, సొంత దిక్కోళ్లే సగానికి పైన ఎదురు తిరిగితె లెఫ్ట్ ఓట్లతోని పాసయింది. 2024 మార్చిల దాన్ని రాజ్యాంగంల పెట్టిన్లు, 780 అనుకూలం, 72 వ్యతిరేకం, ల పెన్ సుత అనుకూలంగనే ఏసింది. మీ దిక్కు 2022ల సుప్రీం కోర్టు గర్భస్రావం హక్కు ఇచ్చిన 1973 నాటి తీర్పును కొట్టేసింది గద, ఆడ లెఫ్ట్ రైట్‌ను విడదీసే పెద్ద గీత ఈడ గీతే కాదు.

గోదావరిఖని_రెండో_షిఫ్ట్:

నేను ఎక్కువ చదువుకోలే సార్, సింగరేణిల 22 ఏండ్ల సంది అండర్‌గ్రౌండ్ చేస్తాన్న, మా బిడ్డ చదివి వినిపిస్తె నాకు ఒక్క మాట పట్టుకున్నది, అన్న చెప్పిన బొగ్గు రాష్ట్రం. మా కాడ బొగ్గు అంటె ఎర్రజెండనే మొదలు యాదికొస్తది, ఏఐటీయూసీ అయినా ఇంకో యూనియన్ అయినా బాయి గేటు కాడ జెండా గద్దె లేకుంటె ఉండదు, షిఫ్ట్ దిగెటప్పుడు ముందుగాల కనపడేది గదే. మరి అమెరికాల, ఫ్రాన్స్‌ల బొగ్గు బాయిలోళ్లు ఎటు దిక్కు? వాళ్లు సుత మా లెక్క ఎడమనేనా? బాయిలు మూత పడ్డంక ఏమయిన్లు? మా దిక్కు సుత పాత బాయిలు ఒక్కొక్కటి బంద్ అయితాన్నయ్, కొత్తగ తీసుకునుడు తక్కువయింది, అందుకే అడుగుతాన్న.

రిటైర్డ్_పొలిటికల్_సైన్స్_సుబేదారి:

ఖని తమ్ముడు అడిగిన ప్రశ్న దగ్గరే అసలు సంగతి ఉన్నది, అందుకే మిగతావి పక్కన పెట్టి ముందు దానికి చెప్త. నేను డిగ్రీ కాలేజీల 31 ఏండ్లు రాజనీతి శాస్త్రం చెప్పిన.

ఫ్రాన్స్ ఉత్తరాన పా ద కాలే అనే ప్రాంతం ఉన్నది, అచ్చం మీ ఖని లెక్క. బొగ్గు బాయిలు, కార్మికుల క్వార్టర్లు వరుసగ ఒక్క తీరు ఇటుక ఇండ్లు, బాయి మట్టి పోసి పోసి గుట్టలయిన దిబ్బలు. తరాల కొద్ది సోషలిస్టులకు, కమ్యూనిస్టులకు ఓటేసిన గడ్డ. ఆ బొగ్గు పట్టీల ఆఖరి బాయి 1990ల మూతపడ్డది, దేశం మొత్తం మీద ఆఖరిది 2004ల లొరేన్‌ల. బాయితోని యూనియన్ పోయింది, యూనియన్‌తోని సాయంత్రం కూసునే జాగ పోయింది, క్లబ్బు పోయింది. ఆ ప్రాంతంల ఎనాన్ బోమాన్ అనే ఊరికి 2014 నుంచి ల పెన్ పార్టీ మేయర్, మరీన్ ల పెన్ పార్లమెంటుకు 2017 నుంచి గెలుస్తున్నది ఆ దిక్కు నుంచే. ఆమె ఆడ మాట్లాడేది మార్కెట్ గురించి కాదు, 64 ఏండ్ల పెన్షన్ వద్దు, కరెంటు గ్యాస్ మీద పన్ను తగ్గించాలె అని మాట్లాడుతది, దాని పక్కనే బయటి దేశం వాళ్ల కన్న ముందు మనోళ్లకు అంటది. సగం మాట పాత లెఫ్ట్ మాట, సగం మాట కొత్త రైట్ మాట.

వెస్ట్ వర్జీనియా సుత అంతే. గని కార్మికుల యూనియన్ బలంతోని డెమోక్రాట్ల కోట అది, 1996ల క్లింటన్‌ను గెలిపించింది. 2000ల బుష్‌కు మళ్లింది, అప్పటి నుంచి ఒక్కసారి సుత వెనక్కి రాలే, ట్రంప్ నిలబడ్డ మూడు సార్లు మూడింట రెండు వంతుల ఓట్లు దాటినయ్. కారణాలు కొన్ని ఒక్కటే, బాయిలల్ల మిషిన్లు పెరిగి కొలువులు తగ్గుడు, యూనియన్ చిన్నదయుడు, పర్యావరణం పేరు మీద బొగ్గు వద్దన్న పార్టీ మన పార్టీ ఎట్లయితది అనే బాధ. తేడా ఏందంటె, ఆడ ఓటరు మార్కెట్‌ను మెచ్చుకునే పార్టీ దిక్కు పోయిండు, ఫ్రాన్స్‌ల పోయినోడు సర్కార్ ఇంకా ఎక్కువ ఇయ్యాలె అనే రైట్ దిక్కు పోయిండు. ఇద్దర్ని రైట్ అని రాస్తె అచ్చు ఒక్కటే, మనిషి కోరుకునేది వేరే.

ఇది ఎందుకంటె ఫ్రాన్స్ రైట్‌కు సర్కార్ అంటె ఎన్నడు భయం లేదు. 1945ల రెనో అనే కార్ల కంపెనీని సర్కార్ కంపెనీ చేసింది ద గాల్ నడిపిన ప్రభుత్వం, సామాజిక భద్రత మొదలైంది సుత ఆ ఏడే. ద గాల్‌ను ఎవ్వరు లెఫ్ట్ అనరు. అదే అమెరికాల రీగన్ 1981ల ప్రమాణం చేసిన రోజే సర్కార్ సమస్యకు మందు కాదు, సర్కారే సమస్య అన్నడు. ఆ ఏడే ఫ్రాన్స్‌ల సోషలిస్టు మితెరాన్ ప్రెసిడెంట్‌గ గెలిచి నలుగురు కమ్యూనిస్టులను మంత్రులను చేసి, ఉరిశిక్షను రద్దు చేసి, బ్యాంకులను జాతీయం చెయ్యబట్టిండు. ఒక్క ఏడాదిల రెండు దేశాలు రెండు దిక్కులకు తిరిగినయ్, నేను అప్పుడు కాకతీయ యూనివర్సిటీల ఎంఏ, రేడియోల విన్న ముచ్చట ఇప్పటికి మర్చిపోలే.

సార్, మీ బోర్డు మీది బొమ్మకు ఒకటి కలుపున్రి. ఫ్రాన్స్ అసెంబ్లీల ఇప్పటికి లెఫ్ట్ వాళ్లు అధ్యక్షునికి ఎడమ దిక్కే కూసుంటరు, ల పెన్ పార్టీ కుడి చివరన. అమెరికా ప్రతినిధుల సభల డెమోక్రాట్లు స్పీకర్‌కు కుడి దిక్కు కూసుంటరు, రిపబ్లికన్లు ఎడమ దిక్కు! ఆడ కుర్చికి అర్థం లేదు. ఆ పార్టీలు పుట్టింది లెఫ్ట్ రైట్ గీత మీద కాదు గనుక. లింకన్ రిపబ్లికన్, బానిసత్వాన్ని కాపాడిన దక్షిణాది అంత డెమోక్రాట్లు. 1964ల పౌర హక్కుల చట్టం మీద డెమోక్రాట్ ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం చేసిండు, కాని సభల చూస్తె ఆ చట్టానికి ఓటేసినోళ్లు రిపబ్లికన్లల్లనే ఎక్కువ శాతం. అటెనుక దక్షిణాది తెల్లోళ్లు మెల్లగ రిపబ్లికన్ల దిక్కు జరిగిన్లు, అయితె ఒక్క రాత్రిల కాలే, 30 ఏండ్లు పట్టింది. ఇప్పుడు మనం చూసే అమెరికా లెఫ్ట్ రైట్ వయసు గంతే.

మీ చెల్లె మాట మీద సుత ఒకటి చెప్పాలె. డెమోక్రాట్లు ఫ్రాన్స్‌ల అయితె రైట్ అనేది పన్నులు, పెన్షన్ల లెక్కల కొంత నిజం, అన్నిట్ల కాదు. అమెరికా జనాభా లెక్కలల్ల జాతి ఏందని అడుగుతరు, నల్లోళ్లకు ఎంత దక్కింది అని లెక్క తీసుడు డెమోక్రాట్లకు సహజం. ఫ్రాన్స్‌ల జనాభా లెక్కలల్ల జాతి అడగరు, పౌరుడు అంటె పౌరుడే, రంగు అడుగుడే తప్పు అని పాత లెఫ్ట్ వాళ్లు సుత నమ్ముతరు. మన దగ్గర 2024ల ఇంటింటికి తిరిగి కులం రాసుకున్నరు గద, న్యాయం కావాల్నంటె లెక్క కావాలె అన్నరు, అది విని ఫ్రాన్స్ లెఫ్ట్ మనిషి ఇబ్బంది పడ్తడు, అమెరికా లెఫ్ట్ మనిషి తల ఊపుతడు. మతం సంగతి సుత గిట్లనే. 1905ల చర్చిని, సర్కార్‌ను విడదీసింది ఫ్రాన్స్ లెఫ్ట్, రైట్ మస్తు కొట్లాడింది. 2004ల సర్కార్ బడులల్ల హిజాబ్‌తోని సహా మతం గుర్తులు బందు పెట్టే చట్టం తెచ్చింది రైట్ సర్కార్, సోషలిస్టులు సుత ఓటేసిన్లు, 494కు 36. అమెరికాల గట్లాంటి చట్టం డెమోక్రాట్లు, రిపబ్లికన్లు ఇద్దరు పెట్టరు.

గందుకే నా స్టూడెంట్లకు ఒక్క గీత గియ్యొద్దని చెప్పేటోన్ని. పైసల గీత ఒకటి, దేవుని గీత ఒకటి, బయటినుంచి వచ్చినోళ్ల గీత ఒకటి. మన రాష్ట్రంల కిలో బియ్యం, రైతుకు పెట్టుబడి పైసలు అన్ని పార్టీలు ఇస్తమనే అంటయ్, పైసల గీత మీద మనోళ్లంత ఒక్క కాడనే కుప్పవడ్డరు, కొట్లాట వేరే గీతల మీద నడుస్తది.

గోదావరిఖని_రెండో_షిఫ్ట్:

సార్ దండం. యూనియన్‌తోని సాయంత్రం కూసునే జాగ పోయింది అన్నరు చూడున్రి, గది సమజ్ అయింది. మా కాడ సుత ఒక బాయి మూసినంక మొదలు పోయింది గేటు ముందటి చాయ్ బండి. రేపు మా వాళ్లకు ఆ ఊరి పేరు చెప్త, బిడ్డతోని రాయించుకున్న.

నర్సంపేట_అన్న_డాలస్:

లెక్చరర్ సార్, మాంచిన్ సుత 2024ల పార్టీ ఇడిసి ఇండిపెండెంట్ అయిండు, ఆయన సీటు రిపబ్లికన్లకు పోయింది. మీరు చెప్పిన దానికి తోక. మా చిన్నోడు మంచిగున్నడు చెల్లె, ఇప్పుడు క్రికెట్ ఆడ్తాండు.

నైంనగర్_సోషల్_సార్:

అందరికి చాన థాంక్స్. ఇయ్యాల క్లాసుల చెప్పొచ్చిన. మొదట ఆ పిలగాన్ని నిలబెట్టి నువ్వడిగింది మంచి ప్రశ్న అన్న, ఎరుపు రంగు టీవీలోళ్లది, 2000ల వచ్చింది అని చెప్పిన. తర్వాత బోర్డు మీద రెండు సగం గుండ్రాలు గీసిన, ఒకటి పారిస్‌ది ఒకటి వాషింగ్టన్‌ది, డెమోక్రాట్లు కుడి దిక్కు కూసుంటరంటె క్లాసంత ఒక్కసారి అట్లెట్ల సార్ అన్నరు. అప్పుడు అట్టపెట్టెలకు మేము మడిచే పాత పేపర్ల మీద 12 పేర్లు రాసి కట్టలు పెట్టి ఓటేపిచ్చిన, మొదటి రౌండ్, రెండో రౌండ్. పార్టీ పేర్లు పెట్టలే, ఒక్కో కాయితం మీద పెన్షన్ గురించి, దవాఖాన గురించి, బడిల మతం గుర్తుల గురించి ఒక్కో అభ్యర్థి ఏమంటాండో రాసిన. రెండో రౌండ్‌కు మిగిలిన ఇద్దర్ని చూసి సగం మంది నారాజ్ అయిన్లు, మేము ఏసినోళ్లు ఎవ్వలు లేరు సార్ అన్నరు, ఇప్పుడు ఎవర్ని వద్దనుకుంటరో సోచాయించున్రి అన్న. మళ్ల లేచి కవర్లు తీస్కపోయిన్లు.

బావకు, చెల్లెకు ఈ లింక్ పంపిన. బావ ఏమనలే, బొటనవేలు పెట్టిండు, చెల్లె మాత్రం ఆ కులం లెక్కల పేరా మీద ఇంకా మాట్లాడాలె అంటాంది.

జమ్మికుంట చెల్లె, ఒక్కటి అడగాలె. 2027 ఏప్రిల్‌ల మళ్ల ప్రెసిడెంట్ ఎలక్షన్లు గద, రిజల్ట్ ఎన్ని గంటలకు చెప్తరు? పిల్లలు అప్పటికి టెన్త్ పరీక్షలు రాసి ఖాళీగ ఉంటరు, చూస్తమంటాన్లు.

జమ్మికుంట_టు_లియాన్:

ఈడ రాత్రి 8 కొట్టంగనే టీవీల మొఖాలు పడ్తయ్ సార్, అంతకంటె ముందు చెప్పొద్దని చట్టం. మనకు 11:30. వాళ్లను మధ్యాహ్నం జర పండుకోమనున్రి.